గొంతు తగ్గించి అడిగే మందు

మెడికల్ షాపుకొచ్చే మగవాళ్ళలో ఒక రకం వాళ్ళని మెట్టెక్కుతుండగానే గుర్తుపడతాను. కౌంటరు దగ్గర ఆడవాళ్ళుంటే ఓ వారగా నిలబడి ఫోను చూసుకుంటారు. జనం పలచబడ్డాక దగ్గరికొస్తారు. ముందు ఓ గ్యాస్ బిళ్ళల షీటు అడుగుతారు. చిల్లర చేతిలో పడేదాకా ఆగి, వెళ్ళబోతూ అప్పుడే గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి అంటారు: "రాత్రిళ్ళు మాటిమాటికీ లేవాల్సొస్తోంది. దానికేవో క్యాప్సూల్స్ ఉన్నాయంటగా?"

ఉన్నాయి. నా కుడిచేతి వైపు, కంటికి ఎదురుగా ఉండే అరలోనే ఉన్నాయి. సా పామెటో, గుమ్మడి గింజల నూనె, బీటా సైటోస్టెరాల్, లైకోపిన్, జింకు, సెలీనియం. ఒక డబ్బాలో ఇందులో కొన్ని, ఇంకో డబ్బాలో అన్నీ. వీటికి డాక్టరు చీటీ అక్కర్లేదు. నేను పేరు రాసుకోనక్కర్లేదు. ఆయన ఇంకో మాట మాట్లాడక్కర్లేదు. డబ్బా నల్ల కవర్లో వేసిస్తాను. పెద్ద బరువేదో దించుకున్నవాడిలా ఆయన మెట్లు దిగి వెళ్ళిపోతాడు.

నేనెవరితోనూ అనని సంగతి ఒకటుంది. ఆ క్షణంలో నా బరువు కూడా దిగుతుంది. ఆయన అంతకంటే చెప్పకపోవడం నాకు హాయిగా ఉంటుంది. ధార సన్నబడిందా, ఆగి ఆగి వస్తోందా, వెళ్ళొచ్చాక కూడా ఇంకా ఉన్నట్టు అనిపిస్తోందా, ఎర్రగా ఎప్పుడైనా వచ్చిందా అని నేను అడగాలి. డి.ఫార్మసీ చదివినప్పుడు ఇవన్నీ నేర్చుకున్నాను. తెనాలిలో షాపు పెట్టి తలనెరిసినవాణ్ణి. దగ్గు మందు కోసం వస్తే పొడి దగ్గా, కఫమా అని నోరారా అడుగుతాను. ఈ ఒక్క విషయం దగ్గరికొచ్చేసరికి నా నోరు ఎందుకు మూసుకుపోయేదో చాలాకాలం నన్ను నేను అడగలేదు. లాభం కోసమా? కొంత ఉంది, దాచను. ధరల నియంత్రణలో ఉన్న మందు మీద మాకు మిగిలేది పదహారు శాతం. ఈ డబ్బాల మీద మిగిలేది అంతకంటే బాగా ఎక్కువ. అయినా అసలు కారణం అది కాదని ఇప్పుడు నాకు తెలుసు. ఆ ప్రశ్నలు ఆయన్ని అడిగితే, ముందు నేను జవాబు చెప్పుకోవాలి.

అరవై దాటాక నాకూ మొదలైంది. మొదట తెల్లవారుజామున ఒకసారి లేచేవాణ్ణి. తర్వాత ఒంటిగంటకీ, మళ్ళీ మూడింటికీ. విజయవాడ బస్సెక్కే ముందు తప్పనిసరిగా వెళ్ళొచ్చేవాణ్ణి. పెళ్ళిళ్ళలో భోజనాల హాలు కంటే ముందు బాత్రూం ఎక్కడుందో చూసుకునేవాణ్ణి. కుడిచేతి వైపు అర దగ్గరే ఉంది కాబట్టి ఆ డబ్బా తీసుకున్నాను, కొన్నాళ్ళు వాడాను. బాగున్నట్టే అనిపించింది.

ఆ 'బాగున్నట్టే' అన్నదాని గురించి కాస్త వివరంగా రాయాలి. ఎందుకంటే మా షాపుకి మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు చెప్పేది కూడా అదే మాట. నేను కొత్తవాళ్ళకి ధైర్యంగా అమ్మింది ఆ మాట పట్టుకునే.

సా పామెటో అమెరికాలో, ముఖ్యంగా ఫ్లోరిడాలో, ఇసుక నేలల్లో పొదలు పొదలుగా పెరిగే పొట్టి తాటిజాతి మొక్క. మన తాటిమట్టలకి ఉన్నట్టే దాని మట్టలకీ రంపపు పళ్ళుంటాయి. నల్లగా పండే దాని కాయల నుంచి తీసిన నూనె సారమే ఈ క్యాప్సూల్. మూత తీస్తే ఘాటైన వాసన వస్తుంది. ఆ వాసనే సగం నమ్మకం కలిగిస్తుంది, అది కూడా నా అనుభవమే. 2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో దీని మీద ఒక పరీక్ష ఫలితం వచ్చింది. 225 మంది మగవాళ్ళు, రోజుకి రెండుసార్లు 160 మిల్లీగ్రాములు, ఏడాదిపాటు. సగం మందికి అసలు క్యాప్సూల్, సగం మందికి అదే రంగులో ఉన్న ఉత్తుత్తి క్యాప్సూల్. రెండు గుంపుల మధ్యా తేడా లేదు. మోతాదు చాల్లేదేమో అన్నారు కొందరు. 2011లో 369 మందితో ఇంకో పరీక్ష జరిగింది. మోతాదు 320తో మొదలుపెట్టి అంచెలంచెలుగా 960 మిల్లీగ్రాముల దాకా పెంచి, 72 వారాలు చూశారు.

ఈ రెండో పరీక్షలోని అంకెలు చదివిన రోజు నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. ఈ బాధని కొలవడానికి ఏడు ప్రశ్నల పట్టిక ఒకటుంది. ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి 5 దాకా మార్కులు, మొత్తం 35. ఏడు దాకా ఉంటే కొద్దిపాటి ఇబ్బంది, 8 నుంచి 19 దాకా మధ్యస్థం, 20, ఆపైన ఉంటే తీవ్రం. సా పామెటో తీసుకున్నవాళ్ళ సగటు సుమారు 14.4 నుంచి 12.2కి తగ్గింది. తగ్గిందిగా మరి! అయితే ఉత్తుత్తి క్యాప్సూల్ మింగినవాళ్ళ సగటు 14.7 నుంచి 11.7కి తగ్గింది. అంటే ఏ మందూ లేని వాళ్ళకే ఇంకాస్త ఎక్కువ బాగైంది.

నా 'బాగున్నట్టే', మా బేరగాళ్ళ 'బాగుందండీ', అన్నీ ఆ రెండో అంకెలో ఉన్నాయి. వాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఈ బాధ కొన్ని నెలలు పెరుగుతుంది, కొన్ని నెలలు తగ్గుతుంది. మనిషి షాపు మెట్టెక్కేది బాగా పెరిగినప్పుడే. ఆ తర్వాత అది తనంతట తాను కాస్త తగ్గితే, ఆ మంచిపేరు అప్పుడు మింగుతున్న క్యాప్సూల్‌కి పోతుంది. దానికితోడు, ఏదో ఒకటి చేస్తున్నామన్న నిబ్బరం. 2023లో, వైద్య పరీక్షల ఫలితాల్ని కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ వాళ్ళు 27 అధ్యయనాలు, 4,656 మంది లెక్కలు కలిపి చూసి, సా పామెటో ఒక్కటే వాడితే తేడా లేదు, ఉన్నా అతి స్వల్పం అని తేల్చారు. బీటా సైటోస్టెరాల్ సంగతి కొంచెం వేరు. చిన్న చిన్న పరీక్షల్లో ధార కాస్త మెరుగైందని వచ్చింది, కానీ అవి కొద్ది నెలలు చూసినవే. యూరప్‌లో హెక్సేన్ అనే ద్రావకంతో తీసిన సా పామెటో సారాన్ని మందుగానే పరిగణిస్తారు. మన దగ్గర డబ్బా మీద ఏ పద్ధతిలో తీశారో రాసి ఉండటం అరుదు.

ఇవి హాని చెయ్యవుగా, పోయేది డబ్బులేగా అని నేను చాలామందితో అన్నాను. సా పామెటో వరకు ఆ మాట చాలామటుకు నిజం. అన్నిటికీ నిజం కాదు. అమెరికా, కెనడా, ప్యూర్టోరికోల్లో 35 వేల మందికి పైగా మగవాళ్ళతో, సెలీనియం, విటమిన్ 'ఇ' ప్రోస్టేట్ క్యాన్సర్ రాకుండా ఆపుతాయేమో చూడాలని 2001లో ఒక భారీ పరీక్ష మొదలుపెట్టారు. ఉపయోగం కనిపించక 2008లో ఆపేశారు. తర్వాత కూడా వాళ్ళని గమనిస్తూ ఉంటే, రోజుకి 400 యూనిట్ల విటమిన్ 'ఇ' తీసుకున్నవాళ్ళలో ఆ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో బయటపడింది. రక్షణ కోసమని ఇచ్చినదే అలా తిరగబడింది. ఇప్పటికీ కొన్ని డబ్బాల వెనక ఆ రెండు పేర్లూ పక్కపక్కన కనిపిస్తుంటాయి. అవి చూసినప్పుడల్లా నాకు మనసులో కలుక్కుమంటుంది.

మా ఊళ్ళో అమెరికాలో పిల్లలున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. సంక్రాంతికో, వేసవికో కొడుకు వస్తూ తెచ్చే పెట్టెలో బాదంపప్పుతో పాటు, మల్టీవిటమిన్లతో పాటు ఈ సీసాలూ ఉంటాయి. పిల్లలు వెళ్ళిపోయాక సీసా అడుగంటుతుంటే తండ్రులు దాన్ని పట్టుకుని నా దగ్గరికొస్తారు. "ఇది ఇక్కడ దొరుకుద్దా బాబూ?" అని. అలాంటి ఒకాయనతో ఓ రోజు మాట కలిపాను. కొడుకు ఎందుకు తెచ్చాడని అడిగితే, "వాడికి నేనేం చెప్పలేదు, వాడూ నన్నేం అడగలేదు. వాళ్ళ మామగారికి తెచ్చాడు, నాకూ ఒకటి తెచ్చాడు" అన్నాడు. ఆ సీసా చేతిలో పట్టుకున్న తీరు చూస్తే అది మందులా లేదు. కొడుకు తనని తలుచుకున్నాడనే గుర్తులా ఉంది. అందులో పస లేదని ఆయనకి ఏ నోటితో చెప్పను? చెప్పలేదు. కూర్చోమని, మంచినీళ్ళిచ్చి, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారని మాత్రం అడిగాను. అలా అడగడం నాకు కొత్త. గుంటూరు వెళ్ళొచ్చిన తర్వాతే అది నాకు చేతనైంది.

గుంటూరు సంగతి ఇది. మా ఊళ్ళోనూ యూరాలజిస్టు ఉన్నారు. ఆయన చేతిరాత నాకు కొట్టినపిండి, రోజూ ఆయన చీటీలు నా కౌంటరు మీదకొస్తాయి. అందుకే ఆయన దగ్గరికి వెళ్ళలేకపోయాను. నన్ను ఎరగని ఊరు కావాల్సొచ్చింది. గుంటూరు ఆసుపత్రి హాల్లో నాలాంటివాళ్ళు పాతికమంది దాకా కూర్చున్నారు. అందరూ ఫైళ్ళు బోర్లా పెట్టుకుని ఉన్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. నన్ను బాగా భయపెట్టింది వేలితో చేసే పరీక్ష. ఏళ్ళ తరబడి మనుషుల్ని ఆ గుమ్మం దాకా రానివ్వకుండా ఆపుతున్నది ఆ భయమేనని నా నమ్మకం. అది నిమిషం కూడా పట్టలేదు. తర్వాత ఒక చిన్న గదిలో గరాటు బిగించిన యంత్రంలోకి మూత్రం పొయ్యమన్నారు. సెకనుకి ఎన్ని మిల్లీలీటర్లు వస్తున్నాయో అది గీత గీసి చూపిస్తుంది. ఆ తర్వాత స్కానింగ్‌లో, వెళ్ళొచ్చాక మూత్రసంచిలో ఎంత మిగిలిందో కొలిచారు. ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్ఏ రక్తపరీక్ష కూడా చేశారు.

ఇరవై గ్రాముల చుట్టూ ఉండాల్సిన ప్రోస్టేట్ గ్రంథి నాకు దాదాపు రెట్టింపైంది. మూత్రనాళం సరిగ్గా దాని మధ్యలోంచే పోతుంది. మా డెల్టాలో కాలువ తూము దగ్గర మట్టి మేటవేస్తే పై నీరు నిలిచిపోయి, కింది చేలకి సన్నగా పారుతుంది చూడండి, జరుగుతున్నది అలాంటిదే. ఆ పెరుగుదల ప్రమాదకరమైంది కాదన్నారు. టామ్సులోసిన్ రాశారు. అది గ్రంథిని కరిగించదు, దానిలోనూ, సంచి మెడ దగ్గరా బిగుసుకున్న కండరాన్ని సడలిస్తుంది. గ్రంథి పరిమాణాన్ని తగ్గించే మందు వేరే ఉంది. డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక పల్లెలో పుట్టుకతోనే ఒక ఎంజైము లోపించిన మగపిల్లలకి ప్రోస్టేట్ ఎదగకుండా చిన్నదిగానే ఉండిపోతుందని 1974లో కనిపెట్టారు. ఆ దారి పట్టుకుని తయారైంది ఫినాస్టిరైడ్, 1992లో అమెరికాలో అమ్మకానికొచ్చింది. సా పామెటో కూడా అదే ఎంజైము మీద పనిచేస్తుందని గాజు గొట్టాల్లో కనిపించింది కాబట్టే అంత ఆశ పుట్టింది. మనిషి ఒంట్లో ఆ ఆశ నిలవలేదు.

ఆ చీటీ పట్టుకుని తెనాలి వచ్చాను. షాపులో కుర్రాడు భోజనానికి వెళ్ళేదాకా ఆగి, నా మందు నేనే తీసుకుని జేబులో వేసుకున్నాను. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఆశ్చర్యం కాదు, బాధ వేస్తుంది. మందుల మధ్యే బతికే నాకే వాడి ముందు ఇంత సిగ్గయితే, కొల్లిపర నుంచో వేమూరు నుంచో వచ్చి, పరాయివాడి ముందు నిలబడి అడిగే రైతుకి ఎంత ఉండాలి! ఆయన గొంతు తగ్గించడంలో తప్పేముంది? ఆ తగ్గిన గొంతుని వినడానికి నేను ముందుకి వంగాలి. డబ్బా చేతిలో పెట్టి పంపెయ్యడం వినడం అనిపించుకోదు.

విన్నప్పుడు బయటపడేవి ఒక్కోసారి ప్రోస్టేటే కాదు. ఒక పెద్దాయన ఇలాగే క్యాప్సూల్స్ కోసం వచ్చాడు. ఇంకేం మందులు వాడుతున్నారు బాబాయ్ గారూ అంటే, చొక్కా జేబులోంచి బీపీ బిళ్ళల షీటు తీసి చూపించాడు. అందులో ఒంట్లో నీరు లాగేసే మందు కలిసి ఉంది. ఎప్పుడేసుకుంటారంటే, "రాత్రి అన్నం తిన్నాక, పడుకునే ముందు" అన్నాడు. పొద్దున వేసుకోవచ్చేమో రాసిన డాక్టర్ని అడగండి అని పంపాను. మా వైపు చాలామందికి షుగరు ఉంటుంది, ఉన్నట్టు తెలియనివాళ్ళూ ఉంటారు. రాత్రిళ్ళు లేవడం దాని మొదటి గుర్తు కావచ్చు. జలుబుకి మేం చేతికిచ్చే కొన్ని బిళ్ళలు, ప్రోస్టేట్ పెరిగినవాళ్ళకి మూత్రం పూర్తిగా బిగబట్టెయ్యొచ్చు. అది కడుపు ఉబ్బి ఆసుపత్రికి పరిగెత్తాల్సిన పరిస్థితి. టామ్సులోసిన్ వాడుతున్నవాళ్ళు శుక్లాల ఆపరేషన్‌కి ముందు ఆ సంగతి కంటి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి, లేకపోతే ఆపరేషన్ మధ్యలో కంటిపాప ముడుచుకుపోయి ఇబ్బంది పెట్టొచ్చు. ఫినాస్టిరైడ్ వాడేవాళ్ళకి పీఎస్ఏ అంకె సగానికి పడిపోతుంది, చూసేవాళ్ళకి అది తెలియకపోతే క్యాన్సర్ దాగిపోవచ్చు. ఇవన్నీ ఎవరో ఒకరు నోరు తెరిచి అడిగితేనో, చెబితేనో తప్ప బయటికి రావు. మూత్రంలో రక్తం కనిపించినవాడు క్యాప్సూల్ డబ్బాతో ఇంటికి పోకూడదు. ఈ మాట మాత్రం ఇప్పుడు గట్టిగానే అంటున్నాను.

ఆయుర్వేదాన్ని నమ్మేవాళ్ళూ వస్తారు. మా నాన్నగారూ అంతే. చేలో నడుస్తుంటే అరికాళ్ళలో గుచ్చుకునే పల్లేరు కాయల్ని ఎండబెట్టి కషాయం కాచుకు తాగేవారు. మూత్రబాధలకి పనిచేస్తుందని ఉలిమిరి చెట్టు బెరడుకీ పేరుంది. సుశ్రుతుడు మూత్రం బిగబట్టే రోగాల్ని 12 రకాలుగా చెప్పి, అందులో గడ్డలాంటిది మూత్రానికి అడ్డుపడే వాతాష్ఠీలని వర్ణించాడు. ఈ బాధని మనవాళ్ళు ఎంత కాలం నుంచి గమనిస్తున్నారో అది చూస్తే తెలుస్తుంది. ఆ వైద్యంలోనూ నాడి పట్టుకుని, అడిగి, చూసి మందిచ్చే మనిషి ఒకరుంటారు. చూసేవాడు లేకుండా పల్లేరు పొడిని డబ్బాలో పోసి అమ్మితే అది సా పామెటో దారినే పోతుంది.

ప్రోస్టేట్ రోగాలు నయం చేస్తామంటూ ఏ మందునీ ప్రచారం చెయ్యకూడదని 1954 నాటి చట్టం చెబుతోంది. అభ్యంతరకర ప్రకటనల్ని ఆపడానికి ఆ చట్టంలో చేర్చిన జాబితాలో క్యాన్సర్, మధుమేహాలతో పాటు ఇదీ ఉంది. అందుకే డబ్బాల మీద 'సపోర్ట్' అని ఉంటుంది, 'వెల్‌నెస్' అని ఉంటుంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమాల ప్రకారం, ఇది మందుగా వాడటానికి కాదని కూడా రాసి ఉంటుంది, చిన్న అక్షరాల్లో. అరవై దాటిన కళ్ళకి ఆ అక్షరాలు ఆనవు. నేను చదివి వినిపించడం మొదలుపెట్టాను. కొందరు విని కూడా కొంటారు, ఇస్తాను. ఆ అర ఎత్తెయ్యలేదు. ఎత్తేస్తే వాళ్ళు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు, అప్పుడు అడిగే మనిషే ఉండడు. ఈ వాదనలో నా లాభం కూడా కలిసి ఉందని నాకు తెలుసు. రెంటినీ పూర్తిగా విడదీసి చూసుకోవడం ఇంకా నా వల్ల కాలేదు.

ఈ విషయంలో ఆడవాళ్ళు నాకు దారి చూపించారు. భర్త బీపీ బిళ్ళల కోసం వచ్చినావిడ కౌంటరు ముందు నలుగురుండగానే తేల్చి చెబుతుంది. "మా ఆయన రాత్రి నాలుగైదుసార్లు లేస్తారు అన్నయ్యా. లేచినప్పుడల్లా లైటు వేస్తారు. వెళ్ళి చాలాసేపటికి గానీ రారు. అడిగితే ఏం లేదంటారు." అందులో దాపరికం లేదు, సిగ్గు లేదు, ఆందోళన మాత్రం ఉంది. డాక్టరుకి కావాల్సిందంతా ఆ నాలుగు ముక్కల్లోనే ఉంది. మా ఇంట్లోనూ నాకంటే ముందు లెక్కపెట్టింది మా ఆవిడే. గుంటూరు వెళ్ళమని ఆవిడ అన్నప్పుడు, ఎన్నాళ్ళ నుంచి గమనిస్తున్నావని నేను అడగలేదు. అడగాల్సింది.

ఆ ఏడు ప్రశ్నల్నీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి జిరాక్సులు తీయించాను. డబ్బా కొన్నా కొనకపోయినా ఒక కాగితం ఇస్తున్నాను. మగవాళ్ళు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంటారు. ఆడవాళ్ళు అక్కడే నిలబడి చదువుతారు, సగం జవాబులు అక్కడే చెప్పేస్తారు. చివరన ఎనిమిదోది ఒకటుంటుంది, మార్కుల్లో కలవదు. మీ జీవితమంతా ఇలాగే ఉండిపోతే మీకెలా ఉంటుందని అడుగుతుంది. దానికి జవాబు మాత్రం ఆయనే చెప్పాలమ్మా అంటున్నాను. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా షాపులో బేరగాళ్ళెవరూ ఉండరు, అప్పుడు పంపమని చెబుతున్నాను. కుర్రాడు మాత్రం ఉంటాడు. వాణ్ణి భోజనానికి కాస్త పెందలాడే పంపించేస్తున్నాను, ఈ మాటలు అడగడం వాడూ నేర్చుకోవాలి.